మండువాలో పడని వాన

దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు మా మామ్మ నన్ను ఒక ప్రశ్న అడిగింది. జవాబు దొరకడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మధ్యలో రెండు ల్యాబ్ రికార్డులు లేటయ్యాయి, రూమ్మేట్ దగ్గర తిట్లు కూడా తిన్నాను. అయినా ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే మన డేటా స్ట్రక్చర్స్, ప్రాబబిలిటీ రెండూ ఎదురొచ్చాయి. అందుకే ఈ సంచికకి కవిత బదులు ఈ పాఠం రాస్తున్నాను. మైన్‌క్రాఫ్ట్ ఆడనివాళ్లు కూడా భయపడకుండా చదవండి. కావలసినవన్నీ దారిలో చెప్తాను.

ఇల్లు కట్టిన సంగతి

మాది ఉద్దానం, మందస వైపు పల్లె. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఏడో తరగతి. ఆ రాత్రి గురించి మన జిల్లా పిల్లలకి కొత్తగా చెప్పక్కర్లేదు. కొబ్బరి తోటలు పోయాయి, జీడి తోటలు పోయాయి. మా ఇంటి గూన పెంకులు సగం పైగా ఎగిరిపోయాయి. తర్వాత ఆ చోట నాన్న స్లాబ్ ఇల్లు వేయించారు. గట్టి ఇల్లే, దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కానీ పాత ఇంటికి ఒక మండువా ఉండేది. నాలుగు వైపులా కప్పు లోపలికి వాలి, నడిమధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు. వాన పడితే ఇంటి మధ్యలోనే పడేది. చూరు కింద మామ్మ ఒక ఇత్తడి గంగాళం పెట్టేది. స్లాబ్ ఇంట్లో వాన చప్పుడు వినిపిస్తుంది గానీ వాన ఇంట్లోకి రాదు.

ఆ ఇంటికి మా దగ్గర రెండే ఫొటోలు మిగిలాయి. రెండింట్లోనూ పెళ్లిజనమే ఎక్కువ, ఇల్లు తక్కువ. అందుకని గుర్తున్నంత వరకు మైన్‌క్రాఫ్ట్‌లో కడదామనుకున్నాను. పెంకులకి ఇటుక మెట్ల బ్లాకులు వాడాను, స్తంభాలకి దుంగలు, గంగాళానికి ఆటలో ఉండే కాల్డ్రన్ అనే ఇనప పాత్ర. కిందటి వేసవిలో మొదలుపెట్టి దసరాకి పూర్తి చేశాను.

ఇంట్లో ఇంకో ఆటగాడున్నాడు, మా పిన్ని కొడుకు. వాడికి రాక్షసులు లేని ఆట చప్పగా ఉంటుందట. రాత్రయితే సాలీళ్లు బయటి గోడ ఎక్కి, పెంకుల మీదుగా నడిచి, మండువాలోకి దూకి వాడిని కరిచేవి. ఆటలో సాలీళ్లు ఏ గోడనైనా ఎక్కుతాయి. మండువా మీద అద్దం బ్లాకులు పరిస్తే ఇల్లు షాపింగ్ మాల్‌లా కనిపించింది. అప్పుడు బారియర్ గుర్తొచ్చింది.

బారియర్ అంటే కంటికి కనిపించని బ్లాకు. జావా ఎడిషన్‌లో 2014 సెప్టెంబర్‌లో వచ్చిన 1.8 వెర్షన్‌తో అది ఆటలోకి వచ్చింది. మామూలుగా తవ్వితే దొరకదు, కమాండ్ ఇచ్చి తెచ్చుకోవచ్చు. బారియర్‌ని చేతిలో పట్టుకుంటే మాత్రం, అది ఉన్నచోట ఎర్రటి నిషేధం గుర్తు కనిపిస్తుంది. చేతిలోంచి తీసేస్తే ఏమీ ఉండదు, ఉట్టి గాలి. కానీ ఆ గాలిలోకి ఎవరూ దూరలేరు. మండువా మీద ఒక వరస బారియర్లు పరిచాను. సాలీళ్లు ఆగిపోయాయి. పైకి చూస్తే ఆకాశం ఆకాశంలాగే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు మామ్మని లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి ఇల్లంతా తిప్పి చూపించాను. వీధి అరుగు, నడవ, వంటిల్లు. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ "ఇదే మనిల్లు, ఇదే" అంటూ చూసింది. చివర్లో గొప్ప కోసం వాన కురిపించాను. ఊరంతా వాన, పెంకుల మీద వాన, పెరట్లో వాన. మామ్మ తెరకి దగ్గరగా వంగింది.

"ఏట్రా ఇది? ఊరంతా వాన కురస్తంటే మన మండువాలో సుక్క పడట్నేదేటి? గంగాళం ఎండిపోయుంది."

అప్పుడు చూశాను. నిజమే. మండువా పొడిగా ఉంది. పైన ఆకాశం బార్లా తెరిచి ఉంది, కింద నేల మీద ఒక్క చినుకు లేదు. "ఏదో తేడా వచ్చింది మామ్మా" అన్నాను. "సూడు మరి" అంది. ప్రశ్న అదే: ఆకాశం కనిపిస్తున్న చోట వాన ఎందుకు పడలేదు?

వాన అంటే చుక్కలు కాదు, ఒక అంకె

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పేదంతా జావా ఎడిషన్ గురించే. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్ వేరే కోడ్‌తో రాసింది, కాబట్టి అక్కడ ఇవే ఫలితాలు వస్తాయని అనుకోవద్దు.

మనం అనుకునేది ఏంటంటే, ఆటలో మేఘం నుంచి చుక్క బయల్దేరి, కిందకి జారి, దేనికో తగిలి ఆగుతుందని. అలా చేస్తే మన లాప్‌టాప్‌లు పొగలు కక్కుతాయి. లెక్క వేసుకోండి. ఆటలో ప్రపంచాన్ని చంక్‌లుగా కోస్తారు. ఒక చంక్ అంటే 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు, అంటే 256 నిలువు వరసలు. 1.18 వెర్షన్ నుంచి మామూలు లోకంలో ప్రతి నిలువు వరస ఎత్తు 384 బ్లాకులు. మొత్తం ఒక్క చంక్‌లోనే 98,304 బ్లాకుల చోటు. చుట్టూ కనిపించే వందల చంక్‌లలో ప్రతి చుక్కనీ పై నుంచి కింద దాకా నడిపించి "ఇక్కడ తగిలిందా, ఇక్కడ తగిలిందా" అని అడగడం జరిగే పని కాదు.

అందుకని ఆట ఒక చిన్న చిట్టా రాసుకుంటుంది. ప్రతి నిలువు వరసకీ ఒకే ఒక్క అంకె: "ఈ వరసలో అన్నిటికన్నా పైనున్న అడ్డు ఏ ఎత్తులో ఉంది?" దీన్నే హైట్‌మ్యాప్ అంటారు. 384 ఎత్తుల్లో ఏదో ఒకటి రాయడానికి 9 బిట్లు చాలు. మీరు ఒక బ్లాకు పెట్టినా తీసినా ఆ వరస అంకె ఒక్కటే సరిచేస్తుంది. మన డేటా స్ట్రక్చర్స్ సార్ చెప్పే మాటే ఇది: పదే పదే అడిగే ప్రశ్నకి జవాబు ముందే రాసిపెట్టుకో.

వాన గీతలు గీసేటప్పుడు ఆట ఈ అంకె చూసి, అక్కడి వరకే గీస్తుంది. అంకె కన్నా కింద వాన లేదు. గోడలో కన్నం ఉందా, పక్క నుంచి జల్లు కొడుతుందా అన్నది అనవసరం. ఏ నిలువు వరస వాన ఆ వరసదే. మన ఊళ్లో తుఫాను వాన అడ్డంగా కొట్టి కిటికీ రెక్కల్లోంచి మంచం తడిపేస్తుంది కదా, ఆటలో అలాంటి వాన లేదు. పెంకుల మీద పడ్డ నీళ్లు చూరు నుంచి కారడం కూడా లేదు. అందుకే గంగాళాన్ని చూరు కింద కాకుండా ఒక అడుగు ముందుకి, ఆకాశం కిందకి జరపాల్సి వచ్చింది.

అయితే "అడ్డు" అంటే ఏంటి? ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఆట హైట్‌మ్యాప్‌లు ఒకటికన్నా ఎక్కువే ఉంచుకుంటుంది. వాన చూసేది మోషన్ బ్లాకింగ్ అనే పేరున్నదాన్ని. కదలికని ఆపే బ్లాకు ఏదైనా, లేదా నీళ్లలాంటి ద్రవం ఏదైనా ఆ లెక్కలోకి వస్తుంది. అందులో "కనిపిస్తుందా" అనే మాటే లేదు. బారియర్ సాలీడుని ఆపుతుంది, మనిషిని ఆపుతుంది, అంటే కదలికని ఆపుతుంది. కాబట్టి వాననీ ఆపుతుంది. నా చేతుల్తో నేనే మండువాకి స్లాబ్ వేశాను. కనిపించని స్లాబ్.

ఒకే బ్లాకుకి మూడు ప్రశ్నలు

నిజ జీవితంలో మూడు విషయాలు సాధారణంగా కలిసే ఉంటాయి. గోడ అంటే కనిపిస్తుంది, వెలుగుని ఆపుతుంది, దారికి అడ్డొస్తుంది. ఒకటి ఉంటే మిగతా రెండూ ఉంటాయని మన బుర్ర తీర్మానం చేసేసుకుంటుంది. ఆటలో ఈ మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలు. ఏ బ్లాకునైనా

కన్ను అడిగేది: నీకు బొమ్మ ఉందా?
వెలుగు అడిగేది: నువ్వు నన్ను ఎంత మింగుతావు?
వాన అడిగేది: నువ్వు దారికి అడ్డమా?

బారియర్ చెప్పే జవాబులు: బొమ్మ లేదు, వెలుగుని మింగను, దారికి అడ్డమే. అందుకే మండువాలో ఎండ పడింది, వాన పడలేదు. ఆకాశం వెలుగు 0 నుంచి 15 వరకు కొలుస్తారు. బారియర్ కింద అది నిండుగా 15 ఉంటుంది. వెలుగు లెక్కలో చూస్తే మండువా ఆరుబయటే. జోంబీని పట్టపగలు బారియర్ కింద నిలబెడితే ఎండకి మాడిపోతుంది కూడా. అదే చోట వాన లెక్కలో చూస్తే అది ఇంటి లోపల.

ఇంకో ఆనవాలు కూడా ఉంది, అది తర్వాత గానీ నా కంటికి ఆనలేదు. మండువాలో నిలబడి పైకి చూస్తే, పెంకుల ఎత్తులో ఉత్త గాలిలో వాన చినుకులు చిట్లుతూ కనిపిస్తాయి. ఆట చినుకు చిట్లే బొమ్మని హైట్‌మ్యాప్ చెప్పిన అడ్డు మీదే గీస్తుంది మరి. చప్పుడు కూడా మారుతుంది. ఆరుబయట వినిపించే జోరు ఉండదు, కప్పు మీద పడుతున్న వానలా మెత్తగా వినిపిస్తుంది. మా స్లాబ్ ఇంట్లో వినిపించే చప్పుడే. కళ్లు నమ్మి, చెవులు వినలేదు నేను.

నాలుగు కప్పుల ప్రయోగం

కారణం తెలిసింది అనుకున్నాక కూడా నమ్మకం కుదరలేదు. "కనిపించనిది కాబట్టి ఆట తికమక పడిందేమో" అనే అనుమానం ఒకటి మిగిలింది. హాస్టల్‌కి వచ్చాక ఒక చదును లోకం తెరిచి, నాలుగు చిన్న కప్పులు వేశాను. గోడల్లేవు, కప్పు మాత్రమే. మొదటిది అద్దం. రెండోది బారియర్. మూడోది స్ట్రక్చర్ వాయిడ్, 1.10 వెర్షన్‌లో వచ్చిన బ్లాకు. నాలుగోది లైట్ బ్లాక్, 2021లో 1.17తో వచ్చింది. చివరి మూడూ మామూలుగా ఆడేవాడి కంటికి కనిపించవు. మూడోదాంట్లోంచి, నాలుగోదాంట్లోంచి మనిషి హాయిగా నడిచి వెళ్లిపోవచ్చు.

వాన పెట్టి చూస్తే: అద్దం కింద పొడి. బారియర్ కింద పొడి. స్ట్రక్చర్ వాయిడ్ కింద వాన. లైట్ బ్లాక్ కింద వాన.

కనిపించే అద్దం, కనిపించని బారియర్ ఒకే జట్టు. కనిపించని మిగతా రెండూ అవతలి జట్టు. అంటే వాన ఆగడానికి కారణం కనిపించకపోవడం కాదు, అడ్డం ఉండటం. కనిపించని వాటిని అన్నిటినీ ఒకే గంపలో వేయకూడదని అప్పుడు అర్థమైంది.

మన రాజాం వాళ్లకి దీనికి ఉదాహరణ పక్కనే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకి వచ్చింది. ఒక్క ఇటుక కదల్లేదు, రోడ్డు మీద గీత కూడా గీయలేదు. అయినా కాగితం పనికి మాత్రం కలెక్టరేట్ మారిపోయింది. కాగితానికి అది బారియర్. బంగాళాఖాతం నుంచి వచ్చే మబ్బుకి అది స్ట్రక్చర్ వాయిడ్, ఉన్నట్టే తెలియదు. ఒకే గీత ఒకదాన్ని ఆపుతుంది, ఇంకోదాన్ని ఆపదు. ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు.

మంచు, చెరువు, పిడుగు, పొలం

అంకె ఒక్కటే అయినా దాని మీద బతికే పనులు చాలా ఉన్నాయి. ఆటలో బిల్డింగులు కట్టేవాళ్లకి పనికొస్తాయని ఇక్కడ వరసగా చెప్తున్నాను.

మంచు: ఆటలో ప్రతి ప్రాంతానికీ ఒక ఉష్ణోగ్రత అంకె ఉంటుంది. అది 0.15 కన్నా తక్కువైతే వాన బదులు మంచు పడుతుంది. ఎడారిలో అయితే రెండూ పడవు. మంచు పేరుకునేది కూడా నిలువు వరసలో అన్నిటికన్నా పైనున్న అడ్డు మీదే. అద్దం కప్పు మీద తెల్లగా పేరుకుంటుంది. బారియర్ మీద మాత్రం పేరుకోదు. దాని మీద మంచు పొర నిలవకూడదని ఆటలో విడిగా నియమం రాశారు, మంచుగడ్డ బ్లాకుకి రాసినట్టే. లేకపోతే గాలిలో తెల్లటి దుప్పటి వేలాడి గుట్టు బయటపడిపోయేది. పైన నిలవదు, కిందకి దిగదు. ఫలితం ఏంటంటే, చుట్టూ మంచు మేట వేసినా బారియర్ కింద నేల నల్లగా మిగులుతుంది. మంచు దేశంలో బాట కనిపించాలంటే ఇదొక ఉపాయం.

చెరువు: నీళ్లు గడ్డకట్టాలన్నా పైన ఏ అడ్డూ ఉండకూడదు. చలి ప్రాంతంలో కోనేరు కట్టి, పైన బారియర్లు పరిస్తే నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

పిడుగు: పిడుగు ఎక్కడ దిగాలో వెతికేటప్పుడు కూడా ముందు ఇదే హైట్‌మ్యాప్ చూస్తుంది. కాబట్టి గడ్డి ఇంటి మీద బారియర్ గొడుగు ఉంటే, పిడుగు సాధారణంగా ఆ గొడుగు ఎత్తులోనే ఆగుతుంది. ఒక జాగ్రత్త, పిడుగుని లాక్కునే లైట్నింగ్ రాడ్ పనిచేయాలంటే ఆ వరసలో అన్నిటికన్నా పైన అదే ఉండాలి. దాని మీద బారియర్ పెడితే రాడ్ ఉండీ లేనట్టే.

పొలం: దున్నిన నేల తడిగా ఉండాలంటే నాలుగు బ్లాకుల దూరంలో నీళ్లైనా ఉండాలి, పైన వానైనా పడాలి. బారియర్ కింద వెలుగు పూర్తిగా ఉంటుంది కాబట్టి పైరు పెరగడానికి ఎండ కరువు లేదు, వానే కరువు. కాలవ తవ్వుకోవాల్సిందే. వానకి ఒళ్లు కాలే ఎండర్‌మ్యాన్ అనే జీవికి మాత్రం ఇది మంచి గొడుగు.

ఖాళీ గంగాళం లెక్క

ఇప్పుడు నా రెండో తప్పు. కారణం దొరికింది కదా అని మండువా మీది బారియర్లు తీసేశాను. బారియర్‌ని చేత్తో పట్టుకుని, ఎర్ర గుర్తులు చూసుకుంటూ ఒక్కొక్కటీ. మళ్లీ వాన వచ్చింది. మండువాలో పడింది, బ్రహ్మాండంగా పడింది. వాన వెలిసింది. గంగాళం చూస్తే ఖాళీ!

నా సిద్ధాంతమంతా తప్పేమో అనిపించింది. ఎక్కడో ఒక బారియర్ మిగిలిపోయిందేమో అని గంట సేపు వెతికాను. లేదు. అప్పుడు కాగితం తీసి లెక్క వేశాను. మీరూ వేయండి, నెక్స్ట్ సెమ్ ప్రాబబిలిటీ పేపర్‌కి పనికొస్తుంది.

ఆట గడియారం సెకనుకి 20 టిక్‌లు కొడుతుంది. ప్రతి టిక్‌కీ ఒక చంక్‌లో వాతావరణం పని జరిగే అవకాశం 16లో ఒకటి. జరిగితే, 256 నిలువు వరసల్లో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. ఆ వరసలో పైన ఉన్నది మన పాత్రే అయితే, అందులో ఒక మట్టం నీళ్లు చేరే అవకాశం వందకి 5, అంటే 20లో ఒకటి. మూడింటినీ గుణిస్తే 16 × 256 × 20 = 81,920. సగటున అన్ని టిక్‌లకి ఒక మట్టం. 20తో భాగిస్తే 4,096 సెకన్లు, సుమారు 68 నిమిషాలు. పాత్ర నిండాలంటే మూడు మట్టాలు, అంటే దాదాపు 3 గంటల 25 నిమిషాల వాన.

ఆటలో మామూలు వాన మన గడియారంలో 10 నుంచి 20 నిమిషాలే ఉంటుంది. 10 నిమిషాల వాన వెలిశాక పాత్ర ఖాళీగానే ఉండే అవకాశం వందకి 86. 20 నిమిషాల వాన అయినా వందకి 75. ఖాళీ గంగాళం వింత కాదు, అదే మామూలు. బారియర్ ఉన్నప్పుడు గంగాళం ఖాళీగా ఉంది, తీసేశాకా ఖాళీగానే ఉంది. చూడ్డానికి ఫలితం ఒకటే, కారణాలు రెండు. మొదటిసారి నీళ్లు ఎప్పటికీ రావు. రెండోసారి ఇంకా రాలేదు, అంతే.

ఈ రెండింటినీ విడదీయాలంటే ఒక్క పాత్ర చాలదు. అందుకని చదును లోకంలో రెండు వరసలు పెట్టాను, వరసకి 20 పాత్రలు. ఒక వరస మీద బారియర్లు, రెండోది ఖాళీ ఆకాశం. కమాండ్‌తో వాన వ్యవధి పెంచి, పక్కనే నిలబడి, లాప్‌టాప్ అలాగే వదిలి మెస్‌కి వెళ్లాను. ఆటగాడు దగ్గర్లో లేకపోతే ఆ చంక్‌లో పని ఆగిపోతుంది, మెనూ తెరిచి వదిలేస్తే కాలమే ఆగిపోతుంది. ఈ రెండూ గుర్తుంచుకోండి. లెక్క ప్రకారం 68 నిమిషాలకి తెరిచిన వరసలో కూడా వందకి 37 వంతు, అంటే 20లో ఏడు దాకా ఖాళీగా ఉండొచ్చు. తిరిగొచ్చి చూస్తే తెరిచిన వరసలో ఎక్కువ పాత్రల్లో నీళ్లు మెరుస్తున్నాయి, కొన్ని ఖాళీ. బారియర్ల వరసలో ఒక్కదాంట్లో కూడా చుక్క లేదు. అప్పుడు గానీ నిద్ర పట్టలేదు.

చూరు చెప్పిన జవాబు

మిగిలింది సాలీళ్ల గొడవ. బారియర్లు తీసేస్తే అవి మళ్లీ దిగుతాయి. మా తమ్ముడు ఫోన్ చేసి మరీ గుర్తుచేశాడు. వాన రావాలి, సాలీడు రాకూడదు. స్ట్రక్చర్ వాయిడ్ పెడితే వాన వస్తుంది, సాలీడూ వస్తుంది. బారియర్ పెడితే రెండూ రావు. ఒకదాన్ని రానిచ్చి రెండోదాన్ని ఆపే కనిపించని బ్లాకు కోసం రెండు రోజులు వెతికాను.

చివరికి జవాబు ఆ పెళ్లి ఫొటోలో దొరికింది. ఒక మూల, ఎవరో పెద్దాయన తలపాగా వెనక, బయటి గోడ మీద పెంకుల చూరు మూరెడు ముందుకి పొడుచుకొచ్చి ఉంది. మట్టి గోడ తడవకుండా మన పాత ఇళ్లన్నిటికీ అలా చూరు దించేవాళ్లు. నేను కట్టిన ఇంట్లో బయటి వైపు చూరే లేదు. గోడ ఎక్కడ ఆగిందో పెంకులూ అక్కడే ఆగిపోయాయి. ఆటలో సాలీడు నిలువు గోడ ఎక్కగలదు గానీ, తల మీదకి పొడుచుకొచ్చిన దాని కింద తలకిందులుగా పాకి అవతలికి వెళ్లలేదు. ఇంటి చుట్టూ ఒక్క బ్లాకు వెడల్పున చూరు దించాను. లోపల రాక్షసులు పుట్టకుండా నడవల్లో లాంతర్లు వేలాడదీశాను. సాలీళ్లు గోడ ఎక్కి, చూరుకి తల కొట్టుకుని, కిందకి జారిపోయాయి.

ఇల్లు ఉన్నది ఉన్నట్టు కట్టి ఉంటే నాకు బారియర్ అవసరమే వచ్చేది కాదు. అందం కోసమో బద్ధకం వల్లో చూరు వదిలేశాను, ఆ లోటు పూడ్చడానికి కనిపించని కప్పు వేశాను, ఆ కప్పు ఇంట్లోకి వాన రాకుండా చేసింది. ప్రాజెక్టుల్లో కూడా మనం చేసేది తరచు ఇదే. ఒక చోట తీసేసిన దాని పని ఇంకోచోట కనిపించకుండా సర్దేస్తాం. డెమోలో అంతా బాగానే ఉంటుంది. దాన్ని రోజూ వాడినవాళ్లకి మాత్రమే ఏం ఆగిపోయిందో తెలుస్తుంది. నా క్లాసులో ఈ ఇల్లు చూసిన పదిమందిలో ఒక్కరు కూడా మండువాలో వాన లేదని గమనించలేదు, నాతో సహా. మైన్‌క్రాఫ్ట్ పేరు కూడా పలకలేని మా మామ్మ ఒక్క చూపులో పట్టేసింది. ఆ మండువాలో ఎన్ని వానలు చూసిందో మరి.

దీపావళికి ఇంటికెళ్లి మళ్లీ చూపించాను. ఈసారి లాప్‌టాప్‌ని పొద్దున్నించీ వానలోనే వదిలి, గంగాళం నిండాకే మామ్మని పిలిచాను. మండువాలో వాన పడుతోంది. గంగాళం నిండా నీళ్లు. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. నేను హైట్‌మ్యాప్ గురించి మొదలుపెట్టాను, విన్నట్టు లేదు. చివరికి వేలితో తెర మీద మండువా మూల తడిమింది.

"నీల్లు పోడానికి తూమెక్కడెట్టినావు?"

ఆటలో వాన నీళ్లు నేల మీద నిలవవు. తూము అవసరమే లేదు. ఆ మాట చెప్పబోయి ఆగాను. తూర్పు మూల కదా మామ్మా అంటే, "కాదు, వంటింటి పక్క" అంది. ఒక బ్లాకు తవ్వి అక్కడ తూము పెట్టాను.

మీ దగ్గర జావా ఎడిషన్ ఉంటే ఆ నాలుగు కప్పుల ప్రయోగం చేసి చూడండి. అద్దం బదులు చెట్టు ఆకులు పెట్టి వాన ఆగుతుందో లేదో ముందు ఊహించి, తర్వాత చూడండి. ఊహ తప్పితే ఆ మూడు ప్రశ్నల్లో దేన్ని దేనితో కలిపేశారో వెతకండి. మీ ఇంట్లో పాత ఇల్లు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు కట్టింది వాళ్లకి చూపించి, వాళ్లు ఏం లేదంటారో రాసుకోండి.